బిందె నిండేలోపు ఒక బొమ్మ

అప్పకు, అమ్మకు, అవ్వకు మీ రెడ్డెమ్మ దండాలు పెట్టి రాస్తున్నది.

నేనిక్కడ బాగున్నాను. అక్కడ మీరు ముగ్గురూ, రెండు ఆవులూ, పురుగులూ బాగున్నారని అనుకుంటున్నాను. ఈ ఉత్తరం చదివి వినిపిస్తున్న అంగన్‌వాడీ సరోజక్కకు కూడా దండాలు. సరోజక్కా, నీకు రెండు మాటలు. ఒకటి, మధ్యలో నీ సొంత మాటలు కలపొద్దు. పోయిన ఉత్తరంలో నాకు జలుబు చేసిందని రాశాను. నువ్వు ఏం చదివావో నాకు తెలియదు. మర్నాడు అమ్మ ఫోన్ చేసి ఏ ఆస్పత్రి, ఏ వార్డు అని ఏడ్చింది. రెండు, కవరులో నాలుగు మడతలు పెట్టి పిన్ను కొట్టిన కాగితం ఒకటి ఉంది. ఉత్తరం ఆఖరి దాకా చదివాకే దాన్ని విప్పాలి. అప్పా, ఆ కాగితం నువ్వు పట్టుకో. సరోజక్క చేతిలో ఉంటే అది అంతసేపు ఆగదు.

ఇంత దగ్గరలో ఉండి ఉత్తరమెందుకు, ఫోన్ ఉంది కదా అంటావు. ఫోన్‌లో నువ్వు "తిన్యావా? సరే, అమ్మకిస్తా" అంటావు. అమ్మ "తిన్యావా?" అని అడిగి అవ్వకిస్తుంది. అవ్వ ఫోన్‌ను తలకిందులుగా పట్టుకొని, నేను పలకడం లేదని తిట్టి పెట్టేస్తుంది. తిన్నానని రెండుసార్లు చెప్పేసరికి మా బడి గంట కొడతారు. అందుకే ముందే రాస్తున్నాను. తింటున్నాను. పొద్దున ఇడ్లీ, మధ్యాహ్నం బళ్లో అన్నం, సాయంత్రం రాగిముద్ద. నేనుండే గది ఇంటామె ఫిలోమినా అక్క, ముద్దలోకి రోజూ రసమే పోస్తుంది. మొదట్లో అదొక్కటే కష్టంగా ఉండేది. ఇప్పుడు రసం లేకపోతే ముద్ద దిగడం లేదు. ఆదివారం ఆమె చర్చి నుంచి వచ్చి ఎండుచేపల కూర చేస్తుంది. అప్పుడు వీధి వీధంతా మా ఇంటికేసి చూస్తుంది.

పురుగులు నాలుగో జ్వరం నుంచి లేచాయా? నేను ఫోన్‌లో ఈ మాట అడగడం విని ఫిలోమినా అక్క, "అయ్యో పాపం, మాత్ర ఏమన్నా ఇచ్చినారా?" అంది. పట్టుపురుగు మేత మానేసి, కదలకుండా పడుకొని, పాత చర్మం విడిచి లేవడాన్నే మా వైపు జ్వరం అంటారని చెప్పేసరికి ఆమె టీ చల్లారిపోయింది. అయినా ఇప్పుడు రోజూ అడుగుతుంది, మీ పురుగులకు ఎట్లుండాది అని.

ఇక్కడ కేజీఎఫ్‌లో డిసెంబరు చలి మన ఊళ్లో లాంటిదే, గాలి మాత్రం వేరు. బంగారు గనిలోంచి తీసిన రాతిని పిండి చేసి, బంగారం తీసేసుకొని, మిగిలిన మట్టిని గుట్టలుగా పోశారు. గని మూతబడింది, గుట్టలు మాత్రం ఉన్నాయి. గాలి వీస్తే ఆ తెల్లటి మట్టి లేచి ఆరేసిన బట్టల మీద, నీళ్ల మీద, నా తల మీద పడుతుంది. నేను వచ్చిన వారానికి అద్దంలో చూసుకుంటే అవ్వ కనబడింది.

ఇంక అసలు సంగతి. అప్పా, నేను నీకు నాలుగు నెలలుగా ఒక అబద్ధం చెబుతున్నాను. ఉద్యోగం ఎట్లుండాది అని నువ్వు అడిగిన ప్రతిసారీ బాగుంది అన్నాను. బాగాలేదు. ఇప్పుడు బాగైంది కాబట్టి ధైర్యంగా రాస్తున్నాను. ముందే కోపం తెచ్చుకోకుండా పూర్తిగా విను.

నన్ను పంపేటప్పుడు నువ్వన్నది నాకు గుర్తుంది. "డిసెంబరు దాకా చూస్తాము. పని ఖాయమైతే సరి, లేదంటే మూట సర్దుకొని వచ్చెయ్యి. పురుగులింట్లో చేతులు చాల్లేదు. ఏదైనా ఇంగ అప్పుడు నేను చెప్తాను." నేను చేరిన రోజే మా హెచ్చెమ్ మేడమ్ కూడా ఇంచుమించు అదే గడువు పెట్టారు. బడి వార్షికోత్సవం నాటికి హాలు గోడ మీద మన కేజీఎఫ్ బొమ్మలు నలభై ఉండాలి, డ్రాయింగ్ టీచర్ స్వయంగా చూసి గీసినవై ఉండాలి, ఉంటే జనవరి నుంచి పర్మనెంట్, లేకపోతే వేరే టీచర్ని చూసుకుంటాం అన్నారు. నలభై అంటే నాకు నవ్వొచ్చింది. డ్రాయింగు హయ్యరు పరీక్షలో జిల్లాలో నా అంత శుభ్రంగా గీసినవాళ్లు లేరని మాస్టారు అన్నారు కదా.

అక్టోబరు ఆఖరుకు నేను గీసినవి ఒకటిన్నర.

నేనెలా గీస్తానో మీకు తెలుసు. కాగితం మీద ముందు గళ్లు కొట్టుకోవాలి. ఒక కన్ను మూసి, పెన్సిల్ ముందుకు చాపి, గోడ ఎంత, కిటికీ ఎంత అని కొలుచుకోవాలి. స్కేలు పెట్టి గీయాలి, రబ్బరుతో చెరపాలి, మళ్లీ గీయాలి. తొమ్మిదో తరగతిలో అమ్మ బొమ్మ గీశాను, గుర్తుందా? నాలుగు సాయంత్రాలు అమ్మను కదలకుండా కూర్చోబెట్టాను. ఆవు అరుస్తున్నా లేవనివ్వలేదు. ముక్కుపుడకలో ఏడు రాళ్లుంటే ఏడూ గీశాను, రవికె మీద పూలు లెక్కపెట్టి గీశాను. పూర్తయ్యాక చూపిస్తే అమ్మ దాన్ని దూరంగా పెట్టి చూసి, దగ్గరగా పెట్టి చూసి, "శానా బాగుండాది బిడ్డా. ఎవురు ఈమె?" అంది. అవ్వ మాత్రం, మీ బడిలో పెద్ద టీచరమ్మేమో అంది. మీరందరూ నవ్వారు. నేనూ నవ్వాను. లోపల మాత్రం నవ్వలేదు. ఆ బొమ్మ ఇంకా నా పెట్టె అడుగున ఉంది.

సరే, ఒకటిన్నర దగ్గర ఆపాను. సగం బొమ్మను పూర్తి చేద్దామని ఒక ఆదివారం మా లైన్ ఇళ్ల ఎదురుగా రాయి మీద కూర్చున్నాను. లైన్ ఇళ్లంటే వెనకటికి గని కార్మికుల కోసం కట్టినవి. గోడకు గోడ ఆనుకొని ఒకే వరసలో ఉంటాయి. ఆ మనుషులే, వాళ్ల పిల్లలే ఇంకా వాటిల్లో ఉంటున్నారు. ఆ ఇళ్లు తమ పేరు మీదికి వస్తాయా, ఎప్పుడొస్తాయి, ఎవరొచ్చి కొలుస్తారు అన్నది ఇక్కడ ప్రతి ఇంట్లో రోజూ మాట్లాడుకొనే మాట. ఈ సంగతి నాకు అప్పటికి తెలియదు. నేను స్కేలు తీసి, కన్ను మూసి, పెన్సిల్ చాపి, మొదటి ఇంటి వాకిలి కొలవడం మొదలుపెట్టాను.

మొదట మునెమ్మవ్వ వచ్చింది. మనలాగే తెలుగామె, మొగుడు గనిలో చేసి పోయాడు.

"ఏం పాపా, ఏం రాస్తా ఉండావు?"

"ఇళ్లు గీస్తున్నానవ్వా."

"నువ్వేం పని చేస్తావు?"

"టీచర్నవ్వా."

ఆమె వెనక్కి తిరిగి, "టీచరమ్మే! చెప్పలా నేను? సర్వేలకు టీచరమ్మలనే గదా పంపించేది!" అని అరిచింది. ఆ మాట నాకు వినబడింది. కానీ గీసేటప్పుడు నాకు చెవులు పనిచేయవు కదా.

"అన్ని ఇళ్లూ గీస్తావా, కొన్నేనా?"

"ఈ వరసలో ఒక్కటి కూడా వదలనవ్వా."

"గీసి ఏం జేస్తారు?"

"హాల్లో పెడతారు. పెద్దవాళ్లంతా వచ్చి చూస్తారు."

మునెమ్మవ్వ లోపలికి వెళ్లి ప్లాస్టిక్ కుర్చీ తెచ్చింది. కాఫీ తెచ్చింది. పక్కింట్లోంచి బిస్కెట్లు, ఆ పక్కింట్లోంచి మురుకులు వచ్చాయి. అప్పా, నిజం చెబుతున్నాను, ఈ ఊళ్లో చిత్రకళ అంటే ఎంత గౌరవం అనుకొని నా కళ్లలో నీళ్లు తిరిగాయి. కాఫీ తాగి, ఇంకాస్త కచ్చితంగా గీయాలనిపించి అడిగాను.

"అవ్వా, ఈ గోడ ఎన్ని అడుగులుంటుంది?"

మునెమ్మవ్వ చుట్టూ చూసి గొంతు తగ్గించింది. "ఎన్ని అడుగులుంటే మంచిది పాపా?"

ఆమె ఇంటి ముందు రేకులతో కట్టిన చిన్న గది ఉంది. అది లైన్ ఇంటితో పాటు కట్టింది కాదు, తర్వాత ఈమె కట్టుకున్న బాత్రూము. నేను దానికేసి పెన్సిల్ చాపగానే పరుగెత్తి దాని మీద చీర కప్పింది.

"అది బాత్రూము కాదు పాపా, మేకను కట్టేసే తావు."

పక్కింటి వాకిట్లోంచి ఒకామె, "మేక యాడుండాది అవ్వా? పోయిన పండక్కే తిన్యాము గదా!" అంది.

"నీ నోట్లో మన్ను పొయ్యా! నీ కంచె సంగతి చెప్పమంటావా?"

అంతే, ఆ కంచె ఇంటాయన బయటికొచ్చి, చప్పుడు చేయకుండా కంచె గుంజలు పీకి వెనక్కి జరపసాగాడు. నేను కంచె అప్పటికే గీసేశాను. నా కష్టం నాది. "అన్నా, దయచేసి కదిలించొద్దు. ఎక్కడున్నది అక్కడే పెట్టండి, నేను కాగితం మీద గీసేశాను" అన్నాను. ఆయన చేతిలో గుంజ చేతిలోనే ఉండిపోయింది. కాసేపటికి వరసగా రేషన్ కార్డులూ, తాతల నాటి గని పాసులూ, కరెంటు బిల్లులూ నా ఒళ్లో పడ్డాయి. ఒకామె తన కోడలి ఫొటో కూడా ఇచ్చింది, ఎందుకో ఇప్పటికీ తెలియదు. నేను అన్నీ జాగ్రత్తగా చూసి, చాలా బాగున్నాయని తిరిగి ఇచ్చాను.

అప్పుడు ఫిలోమినా అక్క చర్చి నుంచి వస్తూ ఎదురుపడింది. దారిలో ఎవరో ఆమెకు చెప్పారట, సర్వే ఆఫీసరమ్మ వచ్చింది, చిన్నపిల్లే గాని శానా కఠినం, కంచె కూడా కదలనివ్వలేదు అని. నన్ను చూసి ఆమె బైబిలు చంకలో పెట్టుకొని వీధి మధ్యలో నిలబడి నవ్వింది. "ఇది ఆఫీసరా? మా ముందరి రూము రెడ్డెమ్మ! రాత్రి బల్లిని జూసి నా మంచం ఎక్కినాది!"

తర్వాత జరిగింది పూర్తిగా రాయలేను. మునెమ్మవ్వ చీర తీసేసింది. కంచె ఇంటాయన గుంజలు ముందున్న చోటు కన్నా ఇంకో అడుగు ముందుకు పాతాడు. మురుకులు ఇచ్చినామె గిన్నె తీసుకెళ్లింది, అందులో నాలుగు మిగిలి ఉన్నాయి.

కానీ అప్పటికే వాళ్లు ఒకాయన్ని పిలిపించారు, నా కాగితంలో కొలతలు తప్పు రాశానేమో చూడమని. ఆయన సెల్వరాజ్ సార్. గని సర్వే ఆఫీసులో డ్రాఫ్ట్స్‌మన్‌గా చేసి రిటైరైన ముసలాయన. భూమి లోపల సొరంగాలు ఎక్కడెక్కడ పోతాయో నక్షాల గుడ్డ మీద గీసిన మనిషి. కళ్లజోడు పెట్టుకొని నా బొమ్మను చాలాసేపు చూశాడు. నేను లేచి నిలబడ్డాను. ఇంత తెలిసినవాడు నా పని చూడడం అదే మొదటిసారి.

"ఒక తప్పు లేదు" అన్నాడు. "నా సర్వీసులో ఇంత శుభ్రంగా వేసినవాళ్లు ఇద్దరో ముగ్గురో."

నేను పొంగిపోయాను.

"అన్నీ ఉండాయి. గోడ ఉండాది, వాకిలి ఉండాది, కంచె ఉండాది. ఇల్లు యాడమ్మా?"

నాకు అర్థం కాలేదు. ఆయన జేబులోంచి చిన్న పుస్తకం తీసి విప్పాడు. అందులో ఇదే వరస. పది పన్నెండు గీతలు, అన్నీ వంకరే. ఒక్క కిటికీ కూడా నిలువుగా లేదు. అయినా అది మా వీధే. మునెమ్మవ్వ గుమ్మంలో కాళ్లు చాపి కూర్చొని ఎవరినో తిడుతోంది. ముఖం గీయలేదు, కానీ తిట్టడం తెలుస్తోంది.

"సార్, కొలతలు?" అన్నాను.

"నేను గీసిన గీత వెంట్రుకంత పక్కకు పోతే లోపల మనుషులు చస్తారు. అందుకని ముప్పై ఏండ్లు ఊపిరి బిగపట్టి గీసినాను. ఇప్పుడు గీత వంకరైతే ఎవురు చస్తారు? చెప్పు, ఎవురికి దెబ్బ తగుల్తాది?"

చేయి చాపాడు. నా చేతిలో కాఫీ గ్లాసు కోసమనుకొని ఇచ్చాను. "ఇది కాదు, రబ్బరు" అన్నాడు. రబ్బరు, స్కేలు రెండూ జేబులో వేసుకొని వెళ్లిపోయాడు. వెళుతూ వెళుతూ, "రేపు తెల్లారి కొళాయి కాడికి రా. బిందెకు ఒక బొమ్మ. బిందె నిండితే పేజీ తిప్పెయ్యాల" అన్నాడు.

ఇక్కడ కొళాయిలో నీళ్లు పొద్దున కాసేపే వస్తాయి, అదీ రోజూ కాదు. వీధి ఆడవాళ్లంతా అక్కడే ఉంటారు. ఒకామె బిందె పెడుతుంది, అది నిండుతుంది, చంకన పెట్టుకొని వెళ్లిపోతుంది. ఆమె అక్కడ ఉన్నంతసేపే నాకు టైము. మొదటి రోజు నేను గీసినవి చెబుతాను విను. ఒక కొప్పు. ఒక చెవి. ఒక బిందె, అందులో సగం. ఒకామె ఎడమ చేయి, అది కూడా భుజం నుంచి మోచేయి దాకా.

మునెమ్మవ్వ వచ్చి చూసింది. కాఫీ కోపం ఇంకా పోలేదు. "ఇందులో నేను యాడుండాను?"

కొప్పు చూపించాను.

"నా తల యాడ పోయినాదిమే?"

"మీ బిందె నిండిపోయిందవ్వా."

"ఓలమ్మో! అందరూ వినండి, ఈ పాప మనల్ని ముక్కలు ముక్కలుగా గీస్తా ఉండాది! నా కొప్పు, దాని చెవి, దీని చెయ్యి. అన్నీ అతికించి ఒక మనిషిని చేస్తాదేమో!"

"నా ముక్కు మాత్రం తీసుకోవద్దు పాపా" అంది ఫిలోమినా అక్క క్యూలోంచి. "ఇంట్లో అదొక్కటే మా అత్తకు నచ్చింది."

రెండు వారాలు ఇంతే. నీళ్లు సన్నగా వచ్చిన రోజు బొమ్మ కాళ్ల దాకా వచ్చేది. నీళ్లు జోరుగా వచ్చిన రోజు చెవులే. ఊరంతా నీళ్ల కోసం మొక్కుకుంటుంటే నేనొక్కదాన్ని ధార సన్నగా రావాలని మొక్కుకున్నాను. దేవుడు క్షమించాలి. సెల్వరాజ్ సార్ పక్కన స్టూలు మీద కూర్చొని, నేను చెవి మొదలుపెట్టినప్పుడల్లా "మళ్లీ చెవి!" అనేవాడు. అంతకు మించి ఏమీ నేర్పేవాడు కాదు. అప్పటికి నవంబరు సగమైంది. గోడకు పెట్టదగ్గ బొమ్మలు ఆ ఒకటిన్నరే. ఆ వారంలోనే నువ్వు ఫోన్ చేసి ఉద్యోగం ఎట్లుండాది అన్నావు. బాగుంది అన్నాను. ఆ రోజు నేను మూట సర్దడం కూడా మొదలుపెట్టాను. పెట్టె అడుగున అమ్మ బొమ్మ కనబడింది. "ఎవురు ఈమె?" అన్న మాట మళ్లీ వినబడింది.

ఆ బొమ్మ చూస్తూ కూర్చుంటే పురుగులిల్లు గుర్తొచ్చింది. పురుగులు మాగి గూడు కట్టే రోజు. నేను ఒక్కొక్క పురుగునూ తీసి వెలుతురుకు పెట్టి, ఒళ్లు పసుపు తిరిగిందా లేదా అని పరీక్ష చేసేదాన్ని. అమ్మ పక్కన నిలబడి చూడనట్టే చూస్తూ, వేళ్లతో టకటకా ఏరి, గూళ్లు కట్టుకునే వెదురు చంద్రికల మీద వేసేది. ఆమె పది తట్టలు ముగించేసరికి నేను ఒక తట్టలో సగం. అమ్మ తిట్టేది, నీకు గుర్తుందో లేదో గాని నాకు అక్షరం పొల్లుపోకుండా గుర్తుంది: "తట్టనంతా చూడుమే! పురుగును పురుగును చూస్తా కూచుంటే అది నీ అరచేతిలోనే గూడు కట్టుకుంటాది!" ఒకసారి నిజంగానే నా వేలికి దారం చుట్టింది.

అప్పా, నేను కొళాయి దగ్గర చేస్తున్నది అదే. చెవిని చెవిని చూస్తూ కూర్చున్నాను.

మర్నాడు వెంటనే కాగితం మీద పెన్సిల్ పెట్టలేదు. మునెమ్మవ్వ వరసలో నిలబడ్డది మొదలు చూస్తూ ఉన్నాను. ముఖం కాదు, చేయి కాదు, ఆమె మొత్తం. బరువు ఏ కాలి మీద వేస్తుంది, బిందె లేకపోయినా నడుము ఎలా పక్కకు పోతుంది, తిట్టేటప్పుడు గడ్డం ఎటు లేస్తుంది. ఆమె బిందె కొళాయి కింద పెట్టింది. నేను ఆ నడుము ఒంపు ఒక్క గీతలో లాగాను. తర్వాత మిగతావి వాటంతటవే వచ్చి దాని మీద కూర్చున్నాయి. బిందె ఇంకా నిండలేదు, నా బొమ్మ అయిపోయింది. ఏం చేయాలో తెలియక బిందె కూడా గీశాను.

సెల్వరాజ్ సార్ దాన్ని చూశాడు. స్టూలు మడుచుకొని ఇంటికి వెళ్లిపోయాడు. మునెమ్మవ్వ మాత్రం చూసి, "నేనింత లావుండానా?" అంది. నాకు బహుమతి వచ్చినట్టు అనిపించింది. మొదటిసారి ఒక మనిషి నా బొమ్మలో తనను చూసుకొని కోప్పడింది.

తర్వాత మూడు వారాల్లో ముప్పై ఎనిమిది బొమ్మలు గీశాను. మారికుప్పం స్టేషన్లో రైలు కదిలేలోపు రైలెక్కేవాళ్లను, బస్టాండులో బస్సు ఎక్కేలోపు పూలమ్మే ఆమెను, గుట్ట మీద గాలి లేచేలోపు గుట్టను, చర్చి వదిలేలోపు బయట చెప్పుల్ని. ఎవరూ నన్ను ఆఫీసరమ్మ అనుకోలేదు. కన్ను మూసి కొలవకపోతే మనల్ని ఎవరూ పట్టించుకోరు.

వార్షికోత్సవానికి రెండు రోజుల ముందు బొమ్మలన్నీ హెచ్చెమ్ మేడమ్ బల్ల మీద పెట్టాను. ఆమె ఒక్కొక్కటే తిరగేశారు.

"మిస్, ఇవి రఫ్ కదా. ఫెయిర్ ఎప్పుడిస్తారు?"

"ఇవే ఫెయిర్ మేడమ్."

"కిటికీలు వంకరగా ఉన్నాయి. సగం మందికి ముఖాలే లేవు. నేను ఇంటర్వ్యూలో చూసింది మీ పనేనా?" కళ్లజోడు తీసి బల్ల మీద పెట్టారు. "సరే, గోడ ఖాళీగా ఉండడం కంటే ఇదే నయం. ఫంక్షన్ కానివ్వండి, తర్వాత మీ సంగతి మాట్లాడుకుందాం."

ఆ రెండు రోజులు నేను తిన్నానని ఫోన్‌లో చెప్పాను, అది కూడా అబద్ధమే.

ఫంక్షన్ రోజు పిల్లల తల్లులూ అవ్వలూ వచ్చారు. మునెమ్మవ్వ మనవరాలు మా బళ్లోనే ఐదో తరగతి. అవ్వ నేరుగా లైన్ ఇళ్ల బొమ్మ దగ్గరికి పోయి నడుం మీద చేయి పెట్టుకొని నిలబడింది. నేను స్తంభం వెనక్కి జరిగాను.

"ఇది మా ఇల్లే!" అంది. "జూడండి, బాత్రూము ల్యాదు! బంగారట్లాంటి పిల్ల!"

"అది మా ఇల్లు అవ్వా" అంది ఫిలోమినా అక్క. "ఆ గుమ్మం వాలింది జూడు, మా ఆయన ఆనుకొని ఆనుకొని వాలింది."

"మీ ఆయన ఆనుకుంటే గోడే వాలుతాది, గుమ్మమేంది!"

కంచె ఇంటాయన కూడా వచ్చి అది తన ఇల్లన్నాడు. కంచె గీయలేదు కాబట్టి ఎవరూ కాదనలేకపోయారు. ఇంతలో ఇంకో గోడ దగ్గర ఇద్దరు తల్లులు, పూలమ్మే ఆమె బొమ్మ తమ చెల్లెలిదంటే తమ చెల్లెలిదని. హాలంతా గోల. స్టేజీ మీద పిల్లలు డాన్సు ఆపేసి ఇటే చూస్తున్నారు.

హెచ్చెమ్ మేడమ్ వచ్చారు, అందరినీ కూర్చోబెడదామని. వచ్చి ఒక బొమ్మ దగ్గర ఆగిపోయారు. పొద్దున ప్రార్థనలో వెనక నుంచి ఒకామె. తల కాస్త పక్కకు వంచి వరసలు లెక్కపెడుతోంది. ఎడమ చేతిలో తాళాలగుత్తి, దాన్ని వీపు వెనక దాచుకుంది. అంతే, ఏడో ఎనిమిదో గీతలు. దాన్ని గోడకు పెట్టి, తీసి, మళ్లీ పెట్టాను. కానీ అది లేకపోతే నలభై కావు.

"ఇది ఎవరు మిస్?" అన్నారు.

నేను నోరు తెరిచేలోపు మునెమ్మవ్వ అందుకుంది. "నువ్వే గదమ్మా! గేటు కాడ తాళాలు వీపు వెనకాల బెట్టుకొని నిలబడుకొనేది ఇంగెవురు?"

హాలు గొల్లుమంది. పిల్లలైతే స్టేజీ మీదే పడి నవ్వారు. మేడమ్ నా వైపు తిరిగి, "నేను చెయ్యి అలా వెనక్కి పెడతానా?" అన్నారు. అప్పుడు కూడా చెయ్యి వెనకే ఉంది, తాళాలతో సహా. ఆమె మెల్లగా దాన్ని ముందుకు తెచ్చుకొని చూసుకున్నారు. తర్వాత నవ్వారు. ఆమె నవ్వడం నేను చూడడం అదే మొదలు.

సోమవారం నన్ను పిలిచారు. ఆ బొమ్మ అప్పటికే గోడ మీద లేదు, ఆమె సొరుగులో ఉంది. "గోడ మీద ముప్పై తొమ్మిదే ఉన్నాయి మిస్. ఆ ఖాళీలోకి ఇంకొకటి గీసివ్వండి" అని, నా చేతికి కాగితం ఇచ్చారు. జనవరి నుంచి నేను పర్మనెంట్. ఆ కాగితం ఫొటో సరోజక్క ఫోన్‌కు పంపాను. సరోజక్కా, అది చూపించేటప్పుడు నువ్వే ఇప్పించినట్టు చెప్పొద్దు.

సెల్వరాజ్ సార్ నా స్కేలు తిరిగి ఇచ్చేశాడు. రబ్బరు మాత్రం ఇవ్వనన్నాడు.

వచ్చేవాళ్లెవరైనా ఉంటే రాగిపిండి, అవ్వ పెట్టిన మామిడికాయ ఊరగాయ పంపించు. పురుగుల తట్టల్లో పరచడానికి తెచ్చే కాగితాల కట్ట ఒకటి కూడా పంపు. ఇట్లా గీస్తే కాగితం చాలా ఖర్చవుతుంది. వాడనివి పంపించు అప్పా, పోయినసారి పంపినదాంట్లో మూడు పురుగులు కూడా వచ్చాయి. ఎర్రావు ఈనిందా? అవ్వ మోకాలికి నూనె రాస్తోందా? సరోజక్క పిల్లలకు నా ముద్దులు, పాలకేంద్రం మామకు దండాలు చెప్పు.

అప్పా, ఇప్పుడు ఆ మడత కాగితం విప్పు. నేనొచ్చిన రోజు నన్ను ఎక్కించడానికి మీరు నలుగురూ బస్సు దగ్గరికి వచ్చారు, నువ్వు, అమ్మ, అవ్వ, సరోజక్క. బస్సు మలుపు తిరిగేలోపు కిటికీలోంచి చూసింది ఇది, ఇప్పుడు తలచుకొని గీశాను. ఆ నలుగురిలో ఒకరు. తొమ్మిది గీతలు, ముఖం లేదు. ఎవరన్నది నేను రాయను. నీకు తెలిసినా నువ్వు చెప్పకు, కండువా నోటికి అడ్డం పెట్టుకో. సరోజక్కా, నువ్వూ ఇక్కడ చదవడం ఆపు. దాన్ని అమ్మ చేతికివ్వండి. ఎవరీమె అని అమ్మ అడగకుండా చెప్పగలిగితే నాకు చాలు.

డిసెంబరు వచ్చింది. నువ్వు చెప్తానన్న మాట నీ నోటి నుంచే వినాలి. ఫోన్ చెయ్యి, తిన్యావా అని మాత్రం అడక్కు. అమ్మ గుర్తుపడితే, నా బిడ్డకు పని వచ్చేసింది, అక్కడే ఉండనీ అను. గుర్తుపట్టకపోతే, నా బిడ్డ ఇంకా నేర్చుకోవాల, అక్కడే ఉండనీ అను.

అందరి దీవెనలూ కోరుకుంటూ, తిని, నిద్రపోయి, ఒంట్లో ఏ జ్వరమూ లేకుండా ఉన్న
మీ బిడ్డ
రెడ్డెమ్మ